రోడ్ ఫైటరా, రిడ్జ్ రేసరా, గ్రాన్ టురిస్మోనా: ఇవాళ ఆడితే ఏది మేలు?

విజయవాడలో నలభై దాటినవాళ్లని పాత కార్ల గేముల్లో ఏది గొప్పదని అడిగి చూడండి. ఇంట్లో టీవీ గేమ్ ఉన్నవాళ్లు రోడ్ ఫైటర్ అంటారు. ఆ తర్వాత వీడియో గేమ్ షాపుల్లో గంటకింత అని కట్టి ఆడినవాళ్లు ప్లేస్టేషన్ పేరెత్తుతారు. వాళ్లలో మళ్లీ రిడ్జ్ రేసర్ వర్గం వేరు, గ్రాన్ టురిస్మో వర్గం వేరు. ఎవరి చిన్నతనం వాళ్లకు ముద్దు. దాన్ని కాసేపు పక్కనపెట్టి, ఇప్పుడు కూర్చుని ఆడితే కంటికి ఏది ఆనుతుంది, చేతికి ఏది మాట వింటుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాను. రోడ్ రాష్ లేదేమని అడగొద్దు. మనలో చాలామంది దాన్ని ఆడింది కంప్యూటర్‌లో. పైగా అందులో రేసు కంటే తన్నులాటే ఎక్కువ.

రోడ్ ఫైటర్ కోనామీ వాళ్లది. 1984లో ఆర్కేడ్ మెషిన్లకు చేసి, మరుసటి ఏడాది నింటెండో వాళ్ల టీవీ గేమ్ మెషిన్ ఫ్యామికామ్‌కు తెచ్చారు. మనకు చేరింది మాత్రం ఫ్యామికామ్‌కు నకలుగా వచ్చిన చవక టీవీ గేముల్లో. క్యాసెట్ మీద వందల గేములని రాసి ఉంటుంది, లోపల చూస్తే అవే కొన్ని తిప్పి తిప్పి కనిపిస్తాయి. ఇందులో గ్రాఫిక్స్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పైనుంచి కనిపించే రోడ్డు, చిన్న చిన్న కార్లు, అంతే. అయితే ఏది ఏమిటో ఒక్క చూపుకే తెలిసిపోతుంది. పసుపు కార్లు తమ దారిన తాము పోతాయి, కొన్ని రంగుల కార్లు మాత్రం మనం దగ్గరికి రాగానే కావాలని అడ్డం పడతాయి. 400 కిలోమీటర్ల వేగంలో పక్క కారుకు కాస్త రాసుకుంటే చాలు, మన కారు అటూ ఇటూ జారుతుంది. ఆ అర సెకనులో సరైన వైపు నొక్కితే నిలదొక్కుకుంటుంది, లేకపోతే అంచుకు తగిలి పేలిపోతుంది. హ్యాండ్లింగ్ మొత్తం ఆ అర సెకనులోనే ఉంది. చిన్నదే కానీ గట్టిది.

అసలు పోటీ మిగతా రెంటి మధ్యే.

నామ్‌కో చేసిన రిడ్జ్ రేసర్ 1994 డిసెంబరు 3న, జపాన్‌లో ప్లేస్టేషన్ విడుదలైన రోజే దానితో పాటు వచ్చింది. గ్రాన్ టురిస్మో మూడేళ్ల తర్వాత 1997 డిసెంబరులో వచ్చింది. రెండూ ఒకే మెషిన్ మీదివే కాబట్టి జబ్బులూ ఒకటే. ఆ చిప్‌కు దూరాన్ని బట్టి బొమ్మను సరిగ్గా సాగదీయడం రాదు, బొమ్మల మూలల్ని పిక్సెల్‌లో (తెర మీది చుక్కలో) సగం, పావు లెక్కన జరపడమూ రాదు. అందుకే దగ్గరికొచ్చే గోడ మీద గీతలు వంకర్లు పోతాయి, రోడ్డు అంచు వణుకుతుంది. రిడ్జ్ రేసర్‌లో ఆ వణుకు పెద్దగా పట్టదు. నీలాకాశం, సముద్రం, సొరంగం, మెరిసే ఊరు, అన్నీ ముదురు రంగుల్లో పోస్టర్ లాగే ఉంటాయి. నిజంలా కనిపించాలన్న తాపత్రయమే వాళ్లకు లేదు. గ్రాన్ టురిస్మోకు ఆ తాపత్రయం ఉంది. కారు బాడీ మీద పరిసరాలు మెరుస్తూ జారిపోవడం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది, కానీ కారు పక్కన చెట్లు మాత్రం అట్టముక్కల్లా నిలబడి ఉంటాయి. రేసు అయ్యాక వచ్చే రీప్లేలో దాని అందం చూడాలి, ఆడుతున్నప్పుడు కాదు. కంటికైతే నా ఓటు రిడ్జ్ రేసర్‌కే.

చేతికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. రిడ్జ్ రేసర్‌లో మలుపు రాగానే యాక్సిలరేటర్ వదిలి, తిప్పి, మళ్లీ నొక్కితే కారు అడ్డంగా జారుతూ మలుపంతా తనే తిరిగేస్తుంది. మజాగానే ఉంటుంది, కానీ ఒకసారి పట్టు దొరికాక కొత్తగా నేర్చుకునేది తక్కువ. పైగా ఉన్నది ఒక్క ట్రాకే, దాన్నే కాస్త పొడిగించి, తిరగేసి ఇస్తారు. (గేమ్ మొత్తం మెమరీలోకి ఎక్కేస్తుంది కాబట్టి డిస్కు తీసేసి తెలుగు పాటల సీడీ పెట్టుకున్నా రేసు ఆగదు. ఈ ఒక్క సుఖం మిగతా రెంటిలో లేదు.)

గ్రాన్ టురిస్మోలో కారుకు బరువుంది. బ్రేకు నొక్కితే బరువు ముందుకు పడుతుంది, ముందు చక్రాలకు పట్టు పెరుగుతుంది, వెనక తేలిపోతుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు దిగుతూ మలుపులో బ్రేకు వేసినప్పుడు ఒంటికి తెలిసేది ఇదే. డెమియో లాంటి ముందు చక్రాలతో నడిచే చిన్న కారును వేగంగా మలుపులోకి తోస్తే, ఎంత తిప్పినా ముక్కు గోడ వైపే పోతుంది. వెనక చక్రాలతో నడిచేదాన్ని తొందరపడి నొక్కితే చుట్టూ తిరిగి నిలబడుతుంది. ఇలాంటివి సుమారు 140 కార్లు, నడక దేనికది వేరు. అందులో లాన్సర్ ఎవల్యూషన్ ఉంది. మామూలు లాన్సర్ 1998లో మన దేశంలోకి వచ్చింది కాబట్టి, బందరు రోడ్డు మీద కనిపించిన కారుకు అన్నగారిని టీవీలో నడపడం అదో సరదా. లోపాలూ తక్కువేం కాదు. కారుకు సొట్ట పడదు, అందుకే మలుపులో బ్రేకు మానేసి పక్కవాణ్ణి గుద్ది ఆగే దొంగ విద్య పనిచేస్తుంది. గీత దాటకుండా కారు ఆపమనే లైసెన్సు పరీక్షలు ఓపికను తినేస్తాయి. అయినా చేతికి ఇదే మేలు, అదీ స్టిక్‌లున్న డ్యుయల్‌షాక్ కంట్రోలర్‌తో.

టీవీ సంగతీ చూడాలి. ఇవన్నీ డబ్బా టీవీ కోసం గీసిన బొమ్మలు. ఎల్ఈడీ టీవీకి ఏవీ వైరుతో తగిలిస్తే మసకబారడమే కాదు, నొక్కినదానికీ కదిలినదానికీ మధ్య చిన్న ఆలస్యం వస్తుంది. ముందు దెబ్బతినేది రోడ్ ఫైటర్, ఎందుకంటే దాని ఆటంతా ఆ అర సెకనులోనే. గ్రాన్ టురిస్మోలో బ్రేకు ఎక్కడ వేయాలో ముందే అనుకుంటాం కాబట్టి కాస్త తట్టుకుంటుంది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టుకోండి. డిస్కు కొనేటప్పుడు పాల్ వెర్షన్ (యూరప్ లాంటి చోట్ల వాడిన టీవీ పద్ధతికి చేసింది) కంటే జపాన్‌దో అమెరికాదో నయం, పాల్‌కు మార్చినవి చాలావరకు తెర సెకనుకు 60 సార్లకు బదులు 50 సార్లే మారి నీరసంగా ఉంటాయి.

పిల్లలతో పది నిమిషాల కాలక్షేపానికి రోడ్ ఫైటర్, సాయంత్రం మిత్రులొస్తే రిడ్జ్ రేసర్. ఒకటే కొనాలంటే గ్రాన్ టురిస్మో కొనండి, మెమరీ కార్డుతో సహా. మే నెలలో మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, కార్డు లేకపోతే లైసెన్సు పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాలి.