విజయనగరంలో కంప్యూటర్ 400, లాడ్జిలో దాని బస 300

విజయనగరం పాత ఇనుము కొట్లలో నోరుంటే చాలు, లాడ్జికి మాత్రం వకీలును వెంటబెట్టుకుని వెళ్లాలి.

పాత కంప్యూటర్ల వేటలో రాజమహేంద్రవరం నుంచి నేనూ మా బావమరిదీ రైల్లో దిగాం. గంటస్తంభం దాకా ఆటోకు 150 అడిగారు. నాలుగడుగులు నడిచి షేర్ ఆటో ఎక్కితే మనిషికి 20.

మేం వెళ్లింది ఒక బడి పాత సామాను వేలంలో పాడుకున్న వ్యాపారి కొట్టుకు. గుమ్మంలోనే ఒక కుర్రాడు మానిటర్లు పగలగొట్టి, గాజు గొట్టం మెడకు చుట్టిన రాగి తీగ లాగుతున్నాడు. లోపల ఫ్యాను రెక్కల కింద, దుమ్ములో, కీబోర్డు మీద ఎర్ర మీటల వరుస! తుడిచి చూస్తే ఎస్‌సీఎల్ కంపెనీ యూనికార్న్ కంప్యూటర్. 1981లో బ్రిటన్‌లో వచ్చిన బీబీసీ మైక్రో అనే కంప్యూటరుకు మన దేశపు రూపం. బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు ఇచ్చారు. మెమరీ 32 కిలోబైట్లే. నా మొహం చూడగానే వ్యాపారి కాటా పక్కకు నెట్టేశాడు. తూకానికి 150 కూడా పలకని దానికి 1,000 అన్నాడు. "ఈ చెత్త నేను మోయను బావా" అని మావాడు విసుక్కుంటూ బయటికి నడిస్తే 400కు దిగాడు. ఇలాంటి బేరాలకు ఇష్టం లేని మనిషిని వెంట తీసుకెళ్లడమే మేలు.

లాడ్జి గది 900. దుప్పటి ఎవరు కప్పుకున్నదో తెలియదు. పొద్దున్న బిల్లులో ఇంకో 300 కలిపారు. "గదిలో మిషను పెట్టారు కదా సార్, కరెంటు చార్జీ." అసలు ప్లగ్గే పెట్టలేదు, పెట్టకూడదు కూడా. ఆ కాలపు పవర్ సప్లైలో కెపాసిటర్లు అనే చిన్న భాగాల్లో కొన్నింటి పైపొర ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారి తేమ పీల్చుకుంటుంది. కరెంటు తగిలితే పేలి గదంతా పొగ. రాత్రే "ఫిక్స్" అని రాసి ఉన్న మరలు తీసి, లోపలి రేకు పెట్టె కూడా విప్పి చూశాం. ఆ బీటలే మేనేజరుకు చూపించాను. శ్రద్ధగా చూసి, "అయితే పేలే సామాను గదిలో పెట్టారన్నమాట" అన్నాడు. 300 కట్టాం.

మావాడి అలక మధ్యాహ్నం మెస్సులో తీరింది. భోజనం 120, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు అడిగినన్నిసార్లు వడ్డించారు. ఆ తర్వాత సంచి తనే భుజాన వేసుకున్నాడు.

విశాఖ 60 కిలోమీటర్లే కాబట్టి బస అక్కడ చూసుకోండి. వేలం సరుకు దిగిన రోజే కొట్టుకు చేరండి, లేకపోతే మానిటర్లు రాగి లెక్కలోకి పోతాయి. మాకు ఒక్కటీ దక్కలేదు. కెపాసిటర్లు మార్చాక కంప్యూటర్‌ను పాత టీవీకే తగిలించాలి.