మూడేళ్లుగా ర్యాండ్‌తోనే శాంపిల్ తీస్తున్నాను, కానీ ఆ నంబర్లు నిలవవు

సర్వేలకు శాంపిల్ తీయడానికి మూడేళ్లుగా స్ప్రెడ్‌షీటే వాడుతున్నాను. పేర్ల పక్క కాలమ్‌లో ర్యాండ్ ఫార్ములా (సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక నంబర్‌ను లాటరీలా ఇచ్చేది) పెట్టి, చివరి దాకా లాగి, దాని ప్రకారం సార్ట్ చేసి, పైనుంచి కావలసినన్ని వరసలు తీసుకోవడమే. రెండు నిమిషాల పని. ఇంతకన్నా ఏం కావాలని చాలామందికి చెప్పాను. ఇప్పుడూ చెబుతాను, ఒక్క షరతు మీద.

షీట్‌లో ఎక్కడ ఏ గడి మార్చినా, ఫైల్ మూసి మళ్లీ తెరిచినా ర్యాండ్ ప్రతి వరసకూ కొత్త నంబర్ ఇచ్చేస్తుంది. ఇది నేను చూడక కాదు, సార్ట్ చేశాక నంబర్లు మారినా వరసలు కుదిరిన చోటే ఉంటాయి కాబట్టి పట్టించుకోలేదు. పోయిన ఏడాది 1,840 పేర్లలో 200 మందిని తీయాల్సి వచ్చింది. జాబితా వరస చెదరకూడదని ఈసారి సార్ట్ చేయకుండా, అన్నిటికన్నా చిన్న నంబర్లు వచ్చిన 200 వరసల పక్కన ‘ఎంపిక’ అని పడేలా ఇంకో ఫార్ములా రాశాను. ప్రింట్ తీసి, ఫోన్లు చేసేవాళ్లకు ఇచ్చాను. సాయంత్రం ఎవరిదో ఫోన్ నంబర్ తప్పుందంటే ఫైల్లో సరిచేసి, మర్నాడు కొత్తగా చేరిన అమ్మాయికి అదే ఫైల్ పంపాను. రెండు రోజుల తర్వాత జవాబులు కలుపుతుంటే తెలిసింది, తను మాట్లాడిన 46 మందిలో మా ప్రింట్‌లో ఉన్నది 5 మందే! తన తప్పేమీ లేదు, పాపం, తన ఫైల్లో ‘ఎంపిక’ అని ఉన్నవాళ్లకే చేసింది.

వాళ్లూ లాటరీలో వచ్చినవాళ్లే కదా, కలిపేద్దాం అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. అలా కలిపితే మొత్తం ఎంతమందిని ఎంచుకున్నాం, వాళ్లలో ఎంతమంది పలకలేదు అని అడిగితే చెప్పడానికి లెక్కే ఉండదు. ఆ 41 జవాబులూ పక్కన పెట్టి, కాగితం మీదున్న 200 మందికే కట్టుబడ్డాం. అంత ఓపిగ్గా మాట్లాడినవాళ్ల జవాబులు వదులుకోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఇప్పుడు నంబర్లు రాగానే ఆ కాలమ్ కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో విలువలు మాత్రమే అదే చోట అతికిస్తాను. ఫార్ములా పోతుంది, నంబర్ ఉండిపోతుంది. పది సెకన్లు కూడా పట్టదు. మనం చెప్పిన రెండు సంఖ్యల మధ్య పూర్ణసంఖ్య ఇచ్చే ర్యాండ్‌బిట్వీన్ జోలికి మాత్రం వెళ్లను, ఒకే నంబర్ రెండుసార్లు రావచ్చు.

నా జాబితాలు రెండు వేల పేర్లు దాటవు, అందరినీ ఒకే గంపలో వేసి తీస్తాను, కాబట్టి నాకిది సరిపోతోంది. అదే శాంపిల్‌ను ఇంకొకరు మళ్లీ తీసి సరిచూడాలంటే మాత్రం కష్టం, ర్యాండ్‌కు సీడ్ (అవే నంబర్లు మళ్లీ వచ్చేలా మొదట ఇచ్చే సంఖ్య) ఇచ్చే వీల్లేదు. ఆ అవసరం ఉన్నవాళ్లు గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మేలు. నేను వచ్చే సర్వేకీ దీనితోనే తీస్తాను, విలువలు అతికించకుండా మాత్రం ఫైల్ ఎవరికీ పంపను.