వేటకెళ్ళి అడవిలో పడుకోవాలంటే డబ్బు దేనికి పెట్టాలి: టెంటా, బ్యాగా, మ్యాటా?

రోడ్డుకి దూరంగా నాలుగైదు రోజులు అడవిలోనే పడుకుని వేటాడే ట్రిప్ అనగానే అందరం ముందు టెంట్ మీద పడతాం, ఉన్న డబ్బులో సగం దానికే పోసేసి, మిగిలినదాంతో ఒక స్లీపింగ్ బ్యాగ్ తెచ్చుకుని, ఆఖర్లో కింద పరుచుకోడానికి ఏదో పల్చటిది సర్దుకుంటాం. నేనూ అదే చేశా. అర్ధరాత్రి దాటాక పైనేమో వెచ్చగానే ఉంది, కింద నడుముకి ఐసుగడ్డ కట్టినట్టుంది, తెల్లారేదాకా అటు దొర్లడం ఇటు దొర్లడం, పొద్దున్నే కళ్ళు మూతలు పడుతుంటే బైనాక్యులర్స్‌లో ఏం చూస్తాం చెప్పండి. అందుకే ఇప్పుడు నా లెక్క తిరగబడింది: ముందు మ్యాట్, తర్వాత బ్యాగ్, మిగిలిన డబ్బుతో పైకప్పు.

ఎందుకంటే ఎంత మంచి బ్యాగైనా మన ఒంటి కింద నలిగిపోతుంది, నలిగితే అందులో గాలి నిలవదు, గాలి నిలవకపోతే వెచ్చదనం ఉండదు. నేల చలిని ఆపాల్సింది మ్యాటే. మ్యాట్ చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్ వాల్యూ, ఎక్కువుంటే అంత వెచ్చన. మడత పెట్టే ఫోమ్ మ్యాట్‌కి అది 2 దగ్గర ఉంటుంది, బరువు 400 గ్రాముల చుట్టుపక్కల. గాలి నింపేవాటిలో లోపల ఇన్సులేషన్ ఉన్నవి 3 నుంచి 5 దాకా వస్తాయి, కానీ చవకవాటిలో చాలా వరకు ఉత్త గాలి తిత్తులే, చూడ్డానికి మందంగా ఉంటాయి గానీ ఫోమ్ కన్నా చల్లగా ఉంటాయి, ఇక్కడే జనం మోసపోయేది. ఆర్ వాల్యూని ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రామాణిక పరీక్షా పద్ధతిలో కొలిచారా అని చూసుకోండి, అప్పుడే రెండు మ్యాట్లని పక్కపక్కన పెట్టి పోల్చగలం.

వేటగాడికైతే నా ఓటు ఫోమ్‌కే. ముల్లు గుచ్చుకున్నా ఏం కాదు, పక్కకి తిరిగితే కరకరమనదు, పగలు గుట్ట మీద గంటలు గంటలు కూర్చుని జంతువు కోసం చూసేటప్పుడు అదే పిరుదుల కింద వేసుకోవచ్చు. నీళ్ళు గడ్డకట్టే రాత్రులైతే ఒక్క ఫోమ్ చాలదు, దాని మీద గాలి మ్యాట్ ఒకటి వేయండి, ఆర్ వాల్యూలు కలుస్తాయి, 2కి 3 కలిపితే 5.

ఇక బ్యాగ్. డౌన్ అంటే పక్షి నూగు, తేలిక, నొక్కితే చిన్న మూటంత అవుతుంది, కానీ తడిస్తే ముద్దైపోతుంది. సింథటిక్ బరువు, బ్యాగ్‌ప్యాక్‌లో సగం అదే తినేస్తుంది, కాకపోతే చవక, తడిసినా కొంత వెచ్చదనం మిగుల్తుంది. వానలు పడే చోటికైతే కళ్ళు మూసుకుని సింథటిక్ తీసుకోండి. రోజంతా ఎక్కాల్సిన పొడి కొండలైతే సెకండ్ హ్యాండ్ డౌన్ వెతకడం మేలు, వెలుతురుకి పట్టి చూస్తే నూగు ఎక్కడెక్కడ గడ్డకట్టిందో, ఎక్కడ ఖాళీ ఉందో తెలిసిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఇదే వీపు మీద మాంసం కూడా ఉంటుందని మర్చిపోవద్దు. ఇంకోటి, బ్యాగ్ మీద పెద్దక్షరాల్లో వేసే డిగ్రీలు చాలాసార్లు కంఫర్ట్‌వి కావు, లిమిట్‌వి. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే చలి, లిమిట్ అంటే ముడుచుకుని ఎలాగో తట్టుకునే చలి. చలికి వణికే రకమైతే కంఫర్ట్ అంకెనే చూసుకోవాలి, అది కూడా అక్కడ పడే చలి కన్నా ఓ 5 డిగ్రీలు కిందకి ఉండేలా.

పైకప్పు దగ్గర పోటీ టార్ప్‌కీ (తాళ్ళతో కట్టుకునే గుడ్డ పైకప్పు) టెంట్‌కీ. 3 మీటర్లకి 3 మీటర్ల సిల్‌నైలాన్ (సిలికాన్ పూత పూసిన నైలాన్) టార్ప్ అర కిలో అటూ ఇటూ, ట్రెక్కింగ్ కర్రలే గుంజలు, తాళ్ళూ మేకులూ అదనం. లోపలొకటి బయటొకటి రెండు పొరలుండే చవక డబుల్ వాల్ టెంట్ 2 కిలోలు దాటేస్తుంది. టార్ప్ కింద గాలి ఆడుతుంది కాబట్టి లోపల చెమర్చడం తక్కువ, పడుకునే చుట్టూ చూడొచ్చు. సిల్‌నైలాన్ తడిస్తే సాగుతుంది, రాత్రి లేచి తాళ్ళు మళ్ళీ బిగించాలి, ఆ బాధ వద్దంటే పాలిస్టర్ చూడండి. ఇళ్ళ మీద కప్పే ప్లాస్టిక్ పట్టా కూడా వాన ఆపుతుంది, కానీ గాలికి టపటపా కొట్టుకుంటూ అడవంతా లేపుతుంది, వేటకి పనికిరాదు. చెట్లకి కట్టే ఉయ్యాల, హ్యామాక్, బావుంటుంది గానీ కింద నుంచి కొట్టే చలికి దాని అడుగున కట్టే బొంత, అండర్‌క్విల్ట్, విడిగా కొనాలి, బడ్జెట్ అక్కడే అయిపోతుంది.

టార్ప్ వేసేవాళ్ళు లోయ అడుగున మాత్రం వేయకండి, రాత్రి చల్లగాలి కిందకి జారి అక్కడే పేరుకుంటుంది, వాలు మీద కాస్త ఎత్తులో చెట్ల మధ్య చదును దొరికితే అదే బ్యాగ్‌లో తేడా తెలుస్తుంది. చెట్లే లేని ఎత్తుకో, మంచు పడే చోటికో, దోమలు పీక్కుతినే కాలంలోనో వెళ్తుంటే మాత్రం నా టార్ప్ పాట వినొద్దు, బరువు మోసినా సరే టెంటే తీసుకెళ్ళండి.