చేనేత చూడటానికి పోచంపల్లికా, పుట్టపాకకా?

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంచినప్పటి నుంచి అందరి నోటా పోచంపల్లే. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావాలన్నా, 1951లో భూదానం మొదలైన చోటు చూడాలన్నా అదే సులువు. చీర కొనే ముందు తిరగేసి చూడండి. అచ్చు బట్టకు వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. నూలుకే ముందు రంగులద్ది నేసే అసలు ఇకత్‌కు రెండు వైపులా ఒకటే, పువ్వు అంచు కాస్త చెదిరి ఉంటుంది.

పాత నల్లగొండ నేత లోతు తెలియాలంటే మాత్రం పుట్టపాకే. తేలియా రుమాలు అనే ఇక్కడి ఇకత్ బట్టకు నూలును ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నానబెడతారు. ఆ తర్వాతే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి, అద్దకం. పడుగుకూ పేకకూ, అంటే నిలువు, అడ్డ పోగులు రెండింటికీ కడతారు గనుక పోగులు కాస్త జరిగినా బొమ్మ కుదరదు. ధర అందుకే ఎక్కువ, బేరమాడకండి.