పులుపులో ఉడికించాలంటే గ్వార్ గమ్మా, పెక్టినా?

పుల్లటి సాస్ చిక్కబడటానికి గ్వార్ గమ్ వేయాలా, పండ్ల నుంచి తీసే పెక్టిన్ వేయాలా అని చాలామంది అడుగుతున్నారు. అడిగేటప్పుడు పులుపుకి ఆగుతుందా, వేడికి ఆగుతుందా అని విడివిడిగా అడుగుతారు. నన్నడిగితే, చూడాల్సింది ఆ రెండూ కలిసి ఎంతసేపు ఉంటాయన్నదే.

గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ చన్నీళ్లలోనే చిక్కబడుతుంది. నిమ్మరసం కలిపినంత మాత్రాన పలచబడిపోదు కూడా. చక్కెర అణువులు వరుసగా అల్లుకున్న దాని గొలుసులకు విద్యుదావేశం లేదు కాబట్టి, పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) మారినా వెంటనే పెద్ద తేడా రాదు. పీహెచ్ 3 దగ్గరున్న సాస్‌ను మరిగించినప్పుడే ఇబ్బందొస్తుంది. చక్కెర అణువుల మధ్య లంకెలను ఆమ్లం తెంచుతుంది, వేడి ఆ తెంపుడును వేగిరపరుస్తుంది. పొడవాటి గొలుసు నడిమికి ఒక్కసారి తెగినా చాలు, చిక్కదనం దిగజారుతుంది.

అయితే పొయ్యి మీద ఉండగా పలచగా కనబడితే కంగారు పడొద్దు, వేడికి గ్వార్ ఎలాగూ కొంత జారుతుంది. పూర్తిగా చల్లారనిచ్చి గరిటెతో ఎత్తి చూడండి. చిక్కదనం తిరిగొస్తే అది వేడి చేసిన పని. రాలేదంటే గొలుసులు తెగాయి, ఇక ఎంత చల్లబెట్టినా లాభం లేదు.

పెక్టిన్ తీరు దాదాపు తలకిందులు. జామ్‌లలో వాడే హై మెథాక్సిల్ రకానికి పీహెచ్ 3 నుంచి 4 దాకా సొంతిల్లు లాంటిది. పులుపు పెరిగేకొద్దీ గొలుసుల మీది ఆవేశం తగ్గి, అవి ఒకదానికొకటి దగ్గరవుతాయి. చక్కెర 55 శాతం దాటి, పీహెచ్ 3.5 కన్నా తగ్గితే గట్టిగా పేరుకుంటుంది. పులుపు లేని దాంట్లో, అంటే పీహెచ్ 5 దాటిన దాంట్లో మరిగిస్తే మాత్రం విరిగిపోతుంది. గ్వార్ నిలిచే చోట ఇది ఓడిపోతుందన్నమాట. పుల్లగా ఉంది కదా అని గంటల తరబడి ఉడికించినా పాడవుతుంది, అతిగా కాచిన జామ్ గట్టిపడకపోవడానికి అదొక కారణం.

కాబట్టి పుల్లగా, తీయగా ఉండి, మరిగించక తప్పని వాటికి నా ఓటు పెక్టిన్‌కే. చక్కెర లేని సాస్‌లో మాత్రం హై మెథాక్సిల్ రకం పేరుకోదు. లో మెథాక్సిల్ రకం తెచ్చుకుని కాల్షియం జత చేయాలి, లేదా గ్వార్‌కే రావాలి. కొద్దిపాటి పొడితో అంత చిక్కదనం ఇవ్వడంలో గ్వార్‌కు పెక్టిన్ సాటిరాదు.

చిక్కదనానికి వాడే మొక్కల గమ్‌లు ఇంకొన్ని ఉన్నాయి. క్యారబ్ చెట్టు గింజల నుంచి తీసే లోకస్ట్ బీన్ గమ్ గ్వార్‌కు దగ్గరి చుట్టమే, కాకపోతే పూర్తిగా కరగాలంటే 80 డిగ్రీల దాకా వేడి చేయాలి. తుమ్మ జాతి చెట్ల గమ్ అరబిక్ పులుపును బాగానే తట్టుకుంటుంది, కానీ చిక్కదనం కోసం దాన్ని ఎవరూ వాడరు. ఒక ముళ్ల పొద నుంచి వచ్చే ట్రాగకాంత్ గమ్ పులుపుకి ఇంకా గట్టిగా నిలుస్తుంది, దొరికితే వాడుకోండి. శాంతన్ గమ్ ఈ రెంటినీ మించి ఆగుతుంది గానీ, అది సూక్ష్మజీవులు తయారుచేసేది, మొక్కల లెక్కలోకి రాదు.

చేతిలో గ్వార్ ఒక్కటే ఉంటే ముందు దాన్ని పులుపు లేని నీళ్లలో నాననిచ్చి, ఉడకడం అంతా అయ్యాక పులుపు కలపండి. పెద్ద గిన్నె అయితే పొయ్యి కట్టేశాక కూడా వేడి చాలాసేపు నిలుస్తుంది. వెడల్పాటి పళ్లేల్లోకి వంపి, కాస్త చల్లబడ్డాకే నిమ్మరసం పిండండి.