ఎల్డెన్ రింగ్‌లో ఎర్ర ఫ్లాస్కు, మిగతా సామాను: చాలాకాలం ఆడాక

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటినుంచి ఆడుతూనే ఉన్నాను. కత్తితో ఒకసారి, మంత్రాలతో ఒకసారి, రెండూ కలిపి ఇంకోసారి మొదలుపెట్టి చివరిదాకా వెళ్లాను. దీని బాసుల (పెద్ద శత్రువుల) మీద, మ్యాప్ మీద చాలామంది చాలా రాశారు. నేను రాసేది ఒక మూల గురించే: దెబ్బ తిన్నాక హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి, నింపుకోవడానికి, మన బలం పెంచుకోవడానికి ఈ గేమ్ చేతికిచ్చే సామాను. అందులో రెండు వస్తువులు నాకు భలే నచ్చాయి. ఒకదాని విషయంలో గేమ్ అనవసరంగా పిసినారితనం చూపించింది. మిగతాది చాలావరకు సంచి నింపుడు వ్యవహారం.

ఆర్పీజీలు, అంటే ఒక పాత్రను పెంచుకుంటూ వెళ్లే గేమ్‌లు, ఆడేవాళ్లకి దాచుకునే జబ్బు ఒకటి ఉంటుంది. ఫైనల్ ఫాంటసీలో ఎలిక్సిర్ అనే అరుదైన మందు దొరికితే, ముందు పెద్ద బాస్ వస్తాడు, అప్పుడు వాడదాం అని పక్కన పెడతాం. ఆ పెద్ద బాస్ రానూ వస్తాడు, పోనూ పోతాడు, క్రెడిట్స్ కూడా పడిపోతాయి. ఎలిక్సిర్లు మాత్రం ఇన్వెంటరీలో చెక్కుచెదరవు. స్కైరిమ్‌ది ఇంకో దారి. మెనూ తెరిస్తే అక్కడ కాలమే ఆగిపోతుంది. డ్రాగన్ నోరు తెరిచి నిప్పు కక్కబోతుంటే మనం తాపీగా చీజ్ ముక్కలు లెక్కపెట్టి తినొచ్చు. సరదాగానే ఉంటుంది కానీ, చావు భయం ఉండదు.

ఎల్డెన్ రింగ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ఈ ముడి ఒక్కసారిగా విప్పలేదు. 2009లో డెమన్స్ సోల్స్‌లో గడ్డి తింటే హెచ్‌పీ వచ్చేది. ఓపిక ఉన్నంతసేపు పోగేసుకుని, సంచి నిండా గడ్డితో బాస్ ముందుకు వెళ్లేవాళ్లు. 2011లో డార్క్ సోల్స్‌తో ఎస్టస్ ఫ్లాస్కు అనే మందు సీసా వచ్చింది. ఇన్ని గుటకలే, మంట దగ్గర కూర్చుంటే మళ్లీ నిండుతుంది. అంత చక్కటి పద్ధతి కనిపెట్టాక 2015లో బ్లడ్‌బోర్న్‌లో మళ్లీ వెనక్కి వెళ్లారు. ఒంటిమీద హెచ్‌పీ నింపే 20 బ్లడ్ వయల్స్ (రక్తం సీసాలు), అవి అయిపోతే పోయి సంపాదించుకోవాలి. అంటే బాస్ చేతిలో పదేపదే ఓడిపోతున్నవాడే పాత వీధుల్లో తిరిగి రక్తం పోగేసుకోవాలి. బాగా ఆడేవాడికి ఆ బాధే తెలియదు. ఆ గేమ్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ విషయంలో దాన్ని క్షమించలేను.

ఎల్డెన్ రింగ్ మళ్లీ ఫ్లాస్కు దారికే వచ్చింది. మొదట్లో ఎరుపు, నీలం కలిపి 4 గుటకలు ఇస్తారు. ఎరుపు హెచ్‌పీకి, నీలం మంత్రాలకు, స్కిల్స్‌కు కావలసిన ఎఫ్‌పీకి. ఏ రంగు ఎన్ని అన్నది గ్రేస్ అనే విశ్రాంతి చోటు దగ్గర కూర్చుని మనమే పంచుకోవచ్చు. బంగారు రంగులో మెరిసే మొక్కల దగ్గర దొరికే గోల్డెన్ సీడ్స్‌తో గుటకల సంఖ్య 14 దాకా పెరుగుతుంది. దానికి 30 సీడ్స్ కావాలి. మరికా చర్చిల్లో ఎక్కువగా దొరికే సేక్రెడ్ టియర్స్ 12 ఏరితే ఒక్కో గుటక బలం చివరి మెట్టుకు చేరుతుంది. కాబట్టి కొత్త ప్రాంతంలో అడుగుపెట్టగానే చర్చి ఎక్కడుందో మ్యాప్‌లో వెతకడం అలవాటైపోతుంది. దారి తప్పి తిరిగినందుకు కూలి గిట్టినట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. చాలాకాలం ఆడితే తప్ప ఇది తట్టదు. అప్‌గ్రేడ్ చేయని ఎర్ర ఫ్లాస్కు గుటకకు 250 హెచ్‌పీ ఇస్తుంది. హెచ్‌పీని పెంచే విగర్ అనే లక్షణం 10 దగ్గర ఉంటే మన మొత్తం హెచ్‌పీ 414. అంటే ఒక్క గుటకతో సగం కంటే ఎక్కువే నిండుతుంది. 12 మెట్లూ ఎక్కించాక గుటకకు 810 వస్తుంది. కానీ అప్పటికి విగర్ 60కి తీసుకెళ్లి ఉంటే మన హెచ్‌పీ 1900. ఒక గుటకతో సగం కూడా నిండదు. ఫ్లాస్కు పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, మనం దానికంటే వేగంగా పెరుగుతాం. ఆట చివర్లో ఒక దెబ్బకు రెండు గుటకలు తాగాల్సి రావడానికి కారణం అదే. క్రిమ్సన్ సీడ్ టాలిస్మన్ అనే తాయెత్తు పెట్టుకుంటే గుటకకు ఇంకో 20 శాతం కలుస్తుంది. గుటకలు పూర్తిగా పెరగకముందు దాన్ని తీసేసి వేరేది పెట్టుకునేవాళ్లకి నేను వద్దనే చెబుతాను.

అయితే అసలు కథ గుటకల సంఖ్యలో లేదు. తాగడానికి పట్టే సమయంలో ఉంది. చేయి పైకి లేచి, ఫ్లాస్కు వంపి, దించేదాకా మనం దాదాపు కట్టేసినట్టే. ఆ కాస్తసేపు బాస్‌కు దొరికితే తాగిందానికంటే ఎక్కువే పోతుంది. పైగా ఇక్కడి శత్రువులు మనం బటన్ నొక్కడాన్ని కనిపెడతారు. మొదటి పెద్ద గోడ మార్గిట్. కాస్త దూరం జరిగి తాగబోతే వెంటనే వెలుగు బాకు విసురుతాడు. గాడ్‌స్కిన్ అపోసల్ అయితే మనం ఎంత దూరాన ఉన్నా, ఫ్లాస్కు ఎత్తిన క్షణంలోనే నల్లమంట ముద్ద విసరడంలో సిద్ధహస్తుడు. మొదట్లో దీన్ని మోసం అనుకుని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నాకు ఆటలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఏ దెబ్బ తర్వాత వాడికి ఊపిరి తీసుకునే సందు ఉంటుందో తెలిస్తేనే తాగగలం. అంటే బాస్‌ను చదవడం వచ్చినవాడికే వైద్యం. బటన్ వరసగా రెండుసార్లు నొక్కితే రెండో గుటక మొదటిదానికంటే త్వరగా పడుతుందని కూడా గుర్తుంచుకోండి. సందు దొరికినప్పుడు రెండూ కలిపి తాగడమే లాభం. ఇక ఫ్లాస్కు ఖాళీ అయ్యాక కంగారులో మళ్లీ నొక్కితే మన వీరుడు ఖాళీ సీసా వంపుకుని నిరాశపడతాడు చూడండి, ఆ కాసేపట్లో చచ్చిపోవడం ఒక ప్రత్యేకమైన అవమానం.

గుర్రం సంగతి ఒకటి చెప్పకపోతే అన్యాయం. టొరెంట్ మీద ఉండగా పరిగెడుతూనే తాగొచ్చు. అది గొప్ప సౌకర్యం. డ్రాగన్లతో పోరాటాలన్నీ నాకు అలాగే గడిచాయి. కానీ టొరెంట్ చచ్చిపోతే మళ్లీ పిలవడానికి ఒక ఎర్ర గుటక ఖర్చవుతుంది. ఖర్చు సరే, ఒప్పుకోవచ్చు. అది అడిగే తీరే బాలేదు. నేల మీద పడి ఉంటాం, పైన డ్రాగన్, మధ్యలో తెర మీద ఒక ప్రశ్న వచ్చి నిలబడుతుంది: ఫ్లాస్కు వాడాలా, వద్దా? ప్రభుత్వ ఆఫీసు కౌంటర్లో కూడా అంత తప్పుడు సమయంలో సంతకం అడగరు.

ఇక నాకు నచ్చిన రెండోది ఫ్లాస్క్ ఆఫ్ వండ్రస్ ఫిజిక్. లిమ్‌గ్రేవ్ తూర్పున ఉన్న థర్డ్ చర్చ్ ఆఫ్ మరికాలో దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అక్కడికే వెళ్లండి. దీంట్లో క్రిస్టల్ టియర్స్, అంటే ఒక్కో రకం బలమిచ్చే చుక్కలు, రెండు కలపొచ్చు, ఒక విశ్రాంతికి ఒక్కసారే తాగాలి. గ్రేస్ దగ్గర కూర్చుంటే మళ్లీ నిండుతుంది కాబట్టి దాచుకునే జబ్బుకు తావే లేదు. వాడకపోతే మనకే నష్టం. ఇన్నేళ్లయినా నేను ఇంకా కలిపి చూసే జోడీలు మిగిలే ఉన్నాయి. ఓపలైన్ బబుల్‌టియర్ కలిపి బాస్ చోటికి అడ్డంగా ఉండే పొగ తెర దాటకముందే తాగితే బాస్ మొదటి దెబ్బలో చాలావరకు అదే మింగేస్తుంది. గ్రీన్‌బర్స్ట్ కలిపితే స్టామినా త్వరగా నిండుతుంది, బరువైన కత్తి తిప్పేవాళ్లకి వరం. మంత్రగాళ్లయితే సెరులియన్ హిడెన్ టియర్ వెతుక్కోండి. అది పనిచేసినంతసేపు ఎఫ్‌పీ ఖర్చే ఉండదు. గేమ్ వచ్చిన కొత్తలో కామెట్ అజుర్ అనే మంత్రాన్ని దీంతో కలిపి బాసులను నిలబడ్డచోటే కరిగించేయడం చూసి చాలామంది మంత్రగాళ్ల వైపు మారిపోయారు. నా మంత్రాల ఆటలో నేనూ చేశాను. ఒకటి రెండు బాసుల దాకా భలే ఉంటుంది, తర్వాత విసుగొచ్చి మానేశాను.

తయారు చేసుకునే సామాను మీద నాకంత గౌరవం లేదు. ఎల్లే చర్చి దగ్గర కాలే అనే వ్యాపారి అమ్మే క్రాఫ్టింగ్ కిట్ 300 రూన్స్ (ఈ ఆటలో డబ్బు అదే). కొనండి, తప్పదు. దారిపొడవునా పూలు, పుట్టగొడుగులు, ఎముకలు, రెక్కలు ఏరుతూనే ఉంటాం. వంటకాల పుస్తకాలు పదుల్లో దొరుకుతాయి. వాటిలో నేను నిజంగా వాడేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారణం సింపుల్. ఫ్లాస్కు ఊరికే నిండుతుంది, ఇవి వాడితే పోతాయి. దాంతో పాత జబ్బు మళ్లీ మొదలు. ఎగ్జాల్టెడ్ ఫ్లెష్ తింటే కత్తి దెబ్బకు బలం పెరుగుతుంది కానీ, బాస్ చేతిలో చచ్చిన ప్రతిసారీ ఒకటి ఖర్చు. గెలిచేదాకా తినాలంటే సంచి ఖాళీ అవుతుంది. అందుకే గెలుస్తామన్న నమ్మకం వచ్చాకే తింటాం, అప్పటికి దాని అవసరం తీరిపోయి ఉంటుంది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. లియుర్నియా ప్రాంతంలో బాగార్ట్ అనేవాడు అమ్మే ఉడికించిన రొయ్య కొనుక్కోవచ్చు కాబట్టి మొహమాటం లేకుండా తినొచ్చు. కాసేపు మన మీద పడే దెబ్బ తగ్గుతుంది. పైగా ఆ మనిషితో మాటలు వినడమే ఒక ముచ్చట. గోల్డ్-పికిల్డ్ ఫౌల్ ఫుట్ తింటే మూడు నిమిషాలపాటు వచ్చే రూన్స్ 30 శాతం పెరుగుతాయి. బాస్ చివరి ఊపిరి మీద ఉన్నాడనగా తినాలి. ఆ తొందరలో ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల కథలు బోలెడు. కెలిడ్‌లో, లేక్ ఆఫ్ రాట్‌లో పట్టుకునే స్కార్లెట్ రాట్ అనే కుళ్లు జబ్బుకు ప్రిజర్వింగ్ బోలసులు అనే మందు ఉండలు ఉన్నాయి. కానీ వాటికి కావలసిన సేక్రమెంటల్ బడ్ అనే మొగ్గ అంత సులువుగా దొరకదు. ఫెయిత్ అనే లక్షణాన్ని 12కి పెంచుకుని ఫ్లేమ్, క్లెన్స్ మీ అనే మంత్రం నేర్చుకుంటే విషం, రాట్ రెండూ పోతాయి, ఏదీ ఏరుకోనక్కర్లేదు. ఏ బిల్డ్ (పాత్రను పెంచే తీరు) ఆడినా ఈ 12 మీద ఖర్చు పెట్టడం నాకు ఎప్పుడూ వృథా అనిపించలేదు.

పిసినారితనం అన్నది రూన్ ఆర్క్‌ల గురించి. పెద్ద బాసులను ఓడిస్తే గ్రేట్ రూన్స్ వస్తాయి. గాడ్రిక్‌ది పెట్టుకుంటే ఎనిమిది లక్షణాలూ తలా 5 పెరుగుతాయి, అంటే 40 లెవెళ్ల విలువ. ఇంత పెద్ద బహుమతి ఊరికే పనిచేయదు. డివైన్ టవర్ ఎక్కి దాన్ని మేల్కొలపాలి, ఆ తర్వాత ఒక రూన్ ఆర్క్ విరగ్గొట్టాలి. చచ్చిపోతే ఆ ఫలితం పోతుంది. చావడమే పనిగా పెట్టుకున్న గేమ్‌లో ఇదేం షరతు? ఆర్క్‌లు దుకాణాల్లో కొన్నే ఉంటాయి, ఎలుకలు అరుదుగా వదులుతాయి, లేదా ఇంకొకరి ఆటలోకి వెళ్లి బాస్‌ను చంపడంలో సాయం చేయాలి. ఆ సాయానికి వెళితే మన ఫ్లాస్కు గుటకలు సగానికి తగ్గుతాయి. కొత్తవాళ్లకి అండగా వెళ్లి, వాళ్లకంటే ముందు నేనే పడిపోయిన రాత్రులు ఉన్నాయి.

2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగం వేరే పద్ధతి పట్టింది. స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్స్ 50 ఏరితే 20 మెట్లు ఎక్కుతాం. దాంతో మనం కొట్టే దెబ్బ పెరుగుతుంది, తినే దెబ్బ తగ్గుతుంది, అదీ ఆ నేల మీద ఉన్నంతవరకే. అప్పటిదాకా 150, 200 లెవెళ్లు పెంచుకుని ధీమాగా వెళ్లినవాళ్లు మొదటి బాస్ దగ్గరే చతికిలబడి గోల పెట్టారు. కొద్ది రోజులకే అప్‌డేట్ ఇచ్చి మొదటి మెట్ల బలం పెంచారు. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఒక్కటే ఫిర్యాదు: కొన్ని ఫ్రాగ్మెంట్స్ కుండలు మోసే నీడ మనుషుల దగ్గర ఉంటాయి. గైడ్ చూడకుండా అవన్నీ కనిపెట్టడం కష్టం. ఫిజిక్ కోసం వచ్చిన కొత్త టియర్స్‌లో డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్ తప్పకుండా వాడి చూడండి. దెబ్బ పడే క్షణానికి సరిగ్గా గార్డ్ పెడితే దాన్ని తిప్పికొట్టినట్టే ఉంటుంది. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్లదే సెకిరో అనే గేమ్ ఆడినవాళ్ల చేతులకు అది వెంటనే గుర్తొస్తుంది. అది కలిపాక నాకు ఎర్ర గుటకల అవసరం బాగా తగ్గింది.

ప్రస్తుతం నా క్విక్ స్లాట్లలో (వెంటనే వాడే వస్తువుల గడుల్లో) ఎరుపు, నీలం తప్ప ఏమీ పెట్టను. మూడోది ఉంటే టెన్షన్‌లో బాణం బటన్ ఒకసారి ఎక్కువ నొక్కి, హెచ్‌పీ కావలసినచోట ఇంకేదో తింటాం. ఫిజిక్, టొరెంట్ ఈల రెండూ పౌచ్ అనే వేరే గడుల్లో పైన, కింద. రొయ్యలు మూడో గడిలో. నాలుగోది ఖాళీ.