నిజాంపేట ఫ్లాటా, అత్తగారి ఊరా, తెనాలిలో అద్దె ఇల్లా?

"ఊరెళ్లిపోదాం" అనే మాట చాలా ఇళ్లలో ముందు మగవాళ్ల నోటి నుంచే వస్తుంది. వాళ్లకది పుట్టి పెరిగిన ఊరు. చిన్నప్పటి స్నేహితులు, పొలం గట్లు, అమ్మ చేతి పులుసు అన్నీ అక్కడే ఉంటాయి. భార్యకు మాత్రం అది అత్తగారి ఊరు. ఆ తేడా పట్టించుకోకుండా పల్లె మేలా, పట్నం మేలా అని ఎంత లెక్క వేసినా తేలదు. కాబట్టి ముందే చెప్తున్నా, ఇది ఒక కోడలు వేసిన లెక్క.

మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో, రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్‌లో. నాలుగేళ్ల బాబు, ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చుకుంటున్న పాప. మా ఆయనది ఐటీ ఉద్యోగం, నెలలో కొన్ని రోజులు ఆఫీసులో మొహం చూపిస్తే చాలు. నాది ఇంట్లో కూర్చుని చేసే పేరోల్ పని. ఆయన సొంతూరు గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలో, కృష్ణా నది కరకట్టకు, అంటే వరద ఆపే కట్టకు దగ్గర. అత్తయ్య, మామయ్య అక్కడే ఉంటారు. మా ముందున్న దారులు మూడు. ఉన్నచోటే ఉండిపోవడం, ఊళ్లో సొంతింటికి వెళ్లడం, లేదా ఊరికి అరగంట దూరంలో తెనాలిలో అద్దెకు దిగడం.

డబ్బు దగ్గర ఊరే గెలుస్తుంది, కానీ అందరూ అనుకునేంత తేడాతో కాదు. నిజాంపేటలో అద్దె, మెయింటెనెన్స్ కలిపి ముప్పై వేలకు దగ్గర పడుతోంది. అలాంటి ఇల్లు తెనాలిలో పది, పన్నెండు వేలకు దొరుకుతుంది. ఊళ్లో అద్దే లేదు. అయితే ఊళ్లో కారు లేకుండా పిల్లలతో గడవదు, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. పైగా ఊళ్లో ఉన్నాక ప్రతి పెళ్లికీ, ఓణీల ఫంక్షన్‌కీ, గృహప్రవేశానికీ వెళ్లాల్సిందే, చదివింపులు రాయించాల్సిందే. హైదరాబాద్‌లో ఉంటే "సెలవు దొరకలేదు పిన్నీ" అంటే సరిపోయేది. రెండెకరాల పొలం ఉంది కదా అంటారు. దాని మీద ఏడాదికి వచ్చే కౌలు మా ఫ్లాటు అద్దె మూడు నెలలకు సరిపోతుంది, అంతే. ఇక ఊరొస్తే పథకాలొస్తాయని బంధువులు ఊరిస్తుంటారు. ఆదాయపన్ను కట్టే ఇంటికి, బడి పిల్లల తల్లులకు ఆంధ్ర ప్రభుత్వం డబ్బులిచ్చే తల్లికి వందనం రాదు, పీఎం కిసాన్ కూడా రాదు. జీతం ఆగిపోతే ఊరు ఆదుకుంటుందనుకోవడం కంటే, జీతం ఆగదని నమ్మకం ఉంటేనే ఊరు గురించి ఆలోచించడం మంచిది.

బడి సంగతి దగ్గరే నేను ఎక్కువ రోజులు ఆగిపోయాను. నిజాంపేటలో మా వీధి వెనకే బడి ఉంది, నడిచి వెళ్లొచ్చు. ఫీజు మాత్రం ఎల్కేజీకే లక్ష దాటుతుంది. ఊళ్లో ఉంటే బడి తీరిగ్గా, చెట్ల కింద ఉంటుందని చాలామంది ఊహ. అసలు జరిగేది వేరు. తెనాలి ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు ఉదయం ఏడున్నరకే ఊళ్లోకి వచ్చేస్తాయి. నాలుగైదు ఊళ్లు తిరిగి పిల్లల్ని ఎక్కించుకుని అప్పుడు టౌనుకు పోతాయి. పల్లెలో ఉన్న పిల్లాడే హైదరాబాద్ పిల్లాడి కంటే ముందు నిద్ర లేవాలి, వాడే ఎక్కువ సేపు బస్సులో కూర్చోవాలి. టౌను బడి కోసం పల్లెలో కాపురం పెట్టడం నాకైతే తలకిందుల పనిగా కనిపిస్తుంది.

ఊళ్లోని గవర్నమెంటు బడి సంగతి? 2019లో మొదలైన నాడు–నేడు పనులతో చాలా బడులకు బెంచీలు, మరుగుదొడ్లు, కొత్త రంగులు వచ్చాయి. టీచర్లు డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు, చాలా ప్రైవేటు బడుల్లో చెప్పేవాళ్ల కంటే ఎక్కువ చదువుకున్నవాళ్లు. తక్కువైంది పిల్లలే. నా అభిప్రాయం అడిగితే, రెండో తరగతి దాకా ఇంటి పక్కన ఉన్న గవర్నమెంటు బడి బంగారంలా పనికొస్తుంది, టీచరు నిలకడగా ఉంటే. గోడలు చూసి కాదు, ఒక మామూలు పనిరోజు వెళ్లి కాసేపు కూర్చుని, పిల్లలు టీచరుతో ఎలా మాట్లాడుతున్నారో చూసి నిర్ణయించుకోవాలి. "సాఫ్ట్‌వేరోళ్ల పిల్లోడు గవర్నమెంటు బడికా?" అని ఊరు అడుగుతుంది. అడగనివ్వండి.

పెద్ద పిల్లలున్న వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి ఆంధ్రకు వెళ్లడమంటే రాష్ట్రం మారడం. తెలంగాణలో ఎంబీబీఎస్ లోకల్ కోటాకు 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న నిబంధన 2024లో వచ్చింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రలోనూ సీట్లకు లోకల్ అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువునే ప్రధానంగా చూస్తారు. అంటే ఎనిమిది పూర్తయ్యేలోగా మారితే చిక్కు లేదు. పదో తరగతిలోనో, ఇంటర్ మొదటి ఏడాదిలోనో మారితే పిల్లాడు రెండు చోట్లా నాన్‌లోకల్ అయ్యే ప్రమాదం ఉంది. కొన్ని మినహాయింపులున్నా వాటిని నమ్ముకుని కదలకూడదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు చూసేది 1 నుంచి 7 తరగతుల చదువు. మా బాబుకు నాలుగేళ్లే కాబట్టి మాకు ఆ సీట్ల టెన్షన్ లేదు. మారాలనుకునే వాళ్లకు నిజానికి ఇదే సరైన వయసు.

ఆసుపత్రి విషయంలో హైదరాబాద్‌కు తిరుగులేదు. రాత్రి రెండింటికి కూడా పది నిమిషాల్లో పిల్లల డాక్టరు, తెరిచి ఉన్న మందుల షాపు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటాడు. పిలవగానే వస్తాడు, మంచివాడే, కానీ ప్రతి జ్వరానికీ యాంటీబయోటిక్ రాసేస్తాడు. రాత్రి బిడ్డకు ఆయాసం వస్తే కారు తీసి తెనాలి పరుగెత్తాలి, లేదా 108కి ఫోన్ చేసి వాకిట్లో నిలబడాలి. చుట్టూ పొలాలు, పాములుంటాయి. కరిస్తే మంత్రమూ వద్దు, ఆర్‌ఎంపీ దగ్గర ఆగడమూ వద్దు, నేరుగా విరుగుడు ఇంజెక్షన్ ఉండే గవర్నమెంటు ఆసుపత్రికి పోవాలి. తెనాలిలో జిల్లా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు డాక్టర్లకూ కొదవ లేదు. ఇంకా పెద్ద సమస్యైతే గుంటూరు, విజయవాడ, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర్లోనే. ఇక్కడ తెనాలి హైదరాబాద్‌కు దాదాపు సాటి వస్తుంది, ఊరు వెనకబడుతుంది.

ఒక్క టీకాల్లో మాత్రం ఊరే నయం. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకాకు ఇక్కడ ప్రైవేటులో డోసుకు వేలల్లో కట్టాం. ఊళ్లో ఏఎన్‌ఎమ్మే అంగన్‌వాడీకి వచ్చి ఉచితంగా వేస్తుంది, వారం తప్పితే ఇంటికొచ్చి అడుగుతుంది. హైదరాబాద్‌లోనూ గవర్నమెంటు సెంటర్లలో అదే టీకా ఉచితమే, కానీ మా అపార్ట్‌మెంట్ నుంచి అక్కడికి వెళ్లిన వాళ్లను నేను చూడలేదు.

నెట్, కరెంటు గురించి ఎక్కువ చెప్పను. ఫైబర్ ఊళ్లోకీ వచ్చింది, మామూలు రోజుల్లో వీడియో కాల్ బాగానే నడుస్తుంది. గాలీ వానా వస్తే ముందు పోయేది అదే, ఆ వెనకే కరెంటు. కరకట్ట పక్క ఊరు కాబట్టి వరద సంగతీ ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు కట్టకు అవతల, నది వైపున్న లంక ఊళ్లు మునిగాయి, అరటి, పసుపు, కంద తోటలు పోయాయి. మా ఇల్లు కట్టకు ఇవతల ఉంది కాబట్టి నీళ్లు రాలేదు గానీ, ఆ రాత్రుళ్లు ఊళ్లో ఎవరూ పడుకోలేదని మామయ్య చెప్పారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఊరి గొప్పంతా మామయ్యలో ఉంది. శివరాత్రికి వెళ్లినప్పుడు మా బాబు పొద్దున్నే ఆయన వెంట కళ్లానికి పోతాడు. ఆరబోసిన పసుపు కొమ్ముల్లోంచి లావుపాటి దుంపలు వేరుచేసి కుప్ప పెట్టమని ఆయన పని చెప్తారు. వీడు గొంతుక్కూర్చుని ఎండెక్కేదాకా ఏరుతూనే ఉంటాడు. వేళ్లు, చొక్కా, చెవి వెనకా అంతా పసుపే. నిజాంపేటలో ఫోను లాక్కుంటే నేల మీద పడి దొర్లే పిల్లాడు వీడేనా అనిపిస్తుంది. ఏ ప్లే స్కూల్లో ఎంత ఫీజు కట్టినా ఇది దొరకదు, ఒప్పుకుంటాను.

కానీ అదే ఇంట్లో నా రోజు ఎలా ఉంటుంది? పదకొండింటికి మీటింగ్. హెడ్‌ఫోన్లు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటా. పక్కింటి పెద్దమ్మ వచ్చి మంచం అంచున కూర్చుని, "ఎవరితోనమ్మా అంతసేపు మాటలు?" అంటుంది. అత్తయ్య వంటింట్లోంచి "ఇంట్లోనే ఉందిగా, కాస్త టీ పెడుతుందిలే" అంటుంది. ఆమెకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఆమె లెక్కలో ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటం. మా ఆయన మీటింగ్‌లో ఉంటే మాత్రం "వాడు పనిలో ఉన్నాడు" అని వచ్చినవాళ్లను వాకిట్లోనే ఆపేస్తుంది. ఒకే ఇంట్లో, అవే గంటలు. ఒకరిది ఉద్యోగం, ఒకరిది కాలక్షేపం.

దీనికి తోడు హైదరాబాద్‌లో అంట్లకు, గదులు తుడవడానికి మనిషి వస్తుంది, సాయంత్రం కూరకు ఓపిక లేకపోతే కర్రీ పాయింట్ ఉంది. ఊళ్లో పసుపు తవ్వకాలు మొదలైతే పనికి మనిషి దొరకడమే గగనం. నానమ్మ, తాతయ్య ఉన్నారు కాబట్టి పిల్లల బరువు తగ్గుతుందనేది సగమే నిజం. పిల్లల్ని చూసేవాళ్లు పెరుగుతారు, వండి పెట్టాల్సినవాళ్లు కూడా పెరుగుతారు. ఊరికి మారదామని ఉత్సాహపడే భర్తలకు నా సలహా ఒకటే. సెలవుల్లో కాదు, ఆఫీసు నడిచే నెలలో మీ ఆవిడను, ఆమె ఉద్యోగాన్ని కూడా తీసుకుని ఒక నెల ఊళ్లో ఉండి చూడండి. సెలవుల్లో వెళ్తే కోడలు చుట్టమే, కాపురానికి వెళ్తేనే కోడలు.

అందుకే నా ఓటు తెనాలికి. "అదీ టౌనే, దానికి హైదరాబాద్ ఎందుకు వదలడం?" అని మా ఆయన అడిగారు. తేడా ఉంది. అద్దె మూడో వంతుకు దిగుతుంది. బడి, ఆసుపత్రి నడక దూరంలోనో, ఆటో దూరంలోనో ఉంటాయి. నా గదికి తలుపుంటుంది, అది వేసుకుంటే ఎవరూ అడగరు. శనివారం పొద్దున పిల్లల్ని ఊళ్లో దింపితే ఆదివారం రాత్రికి తెచ్చుకోవచ్చు, మామయ్యకు ఒంట్లో బాగాలేదంటే అరగంటలో వాకిట్లో ఉంటాం. ఆయనకు ఆఫీసు పడ్డప్పుడు రాత్రి నారాయణాద్రి రైలు ఎక్కితే తెల్లారి లింగంపల్లిలో దిగుతారు, అక్కడి నుంచి ఐటీ కంపెనీలు దగ్గరే.

అందరికీ ఇదే కుదురుతుందని అనను. భార్యాభర్తలిద్దరూ రోజూ ఆఫీసుకు వెళ్లాల్సిన వాళ్లకు హైదరాబాద్ తప్పదు. బిడ్డకు తరచూ పెద్ద డాక్టరు అవసరమైతే అసలు ఆలోచించక్కర్లేదు. భార్య పుట్టిల్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటే, లేదా భర్త నిజంగా వ్యవసాయం చేస్తానని దిగితే, నేరుగా ఊరికే వెళ్లిపోవచ్చు. కౌలుకిచ్చేసి ఏసీ గదిలో కోడింగ్ చేసుకునేవాడికి పొలం పక్కనే ఉండాల్సిన అవసరమేముంది?

వేసవి సెలవుల్లో ఇల్లు చూద్దామనుకుంటున్నాం. ఇన్వర్టరు, రెండు కంపెనీల నెట్ కనెక్షన్లు, ఒక గదికి గట్టి తలుపు, ఇవే నా షరతులు. తెనాలిలో కాపురం పెడుతున్నామని అత్తయ్యకు చెప్పే పని మాత్రం మా ఆయనదే. నేను చెబితే కొడుకుని వేరు కాపురం పెట్టించినట్టవుతుంది, ఆయన చెబితే హైదరాబాద్ నుంచి కొడుకు దగ్గరికొచ్చినట్టవుతుంది.